గుర్రమెక్కని దొర

మా తాతయ్య పిరికివాడని తెలిసిన రోజు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ మధ్యాహ్నం రెండోసారి అన్నం పెట్టుకుని తిన్నాను. ఆఫీసు మీటింగ్‌లో నవ్వాల్సిన అవసరం లేని చోట కూడా నవ్వాను. సొంత తాత భయపడి పారిపోయాడని వినడం ఇంత హాయిగా ఎందుకుందో చెప్పాలంటే, ముందు ఆయన మా ఇంట్లో ఎంత ధైర్యంగా బతికాడో చెప్పాలి.

ఆయన తెలంగాణలో ఒక ఊరికి దొర. ఊరి నడుమ గడి, అంటే ఎత్తైన ప్రహరీ కట్టుకున్న దొరల భవంతి. దాని ముందు నుంచి వెళ్లేవాళ్లు చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచేవారు. ఊళ్లో సగంమంది గడిలో కూలి లేకుండా వెట్టి చేసేవారు. ఇవేవీ మా ఇంట్లో చెప్పిన సంగతులు కావు, పెద్దయ్యాక చదివి తెలుసుకున్నవి. మా ఇంట్లో చెప్పింది వేరు. నిజాం మీద ఊళ్లు తిరగబడినప్పుడు చుట్టుపక్కల దొరలందరూ మూటాముల్లె సర్దుకుని హైదరాబాదుకి పరిగెత్తారట. మా తాతయ్య మాత్రం రాజు ఉప్పు తిన్నానంటూ గడి దిగలేదట. ఏడాది పాటు ఊరంతా ఒకవైపు, ఆయనొక్కడూ ఒకవైపు. చివరికి నిజాం లొంగిపోయాడని రేడియోలో విన్నాకే, గడి మీది జెండాను తన చేత్తో దించి మడిచి, పట్టపగలు తెల్లగుర్రమెక్కి, ఊరి మధ్య నుంచి నింపాదిగా వెళ్లిపోయాడట. ఒక్కడు కూడా రాయి విసరలేదట.

ఈ కథ నానమ్మ చెప్పేది. గుర్రం రంగు అప్పుడప్పుడూ మారేది గానీ ధైర్యంలో ఆవగింజంత తేడా వచ్చేది కాదు.

నాకు ఆయన లీలగా గుర్తు. హైదరాబాదులో ఇరుకు గల్లీలో అద్దె ఇల్లు. చెమటలు కారే ఎండలో కూడా షేర్వాణీ గుండీలు మెడ దాకా పెట్టుకుని వాకిట్లో కుర్చీలో కూర్చునేవాడు. రాజ్యం పోయి దశాబ్దాలు గడిచినా కొత్త ప్రభుత్వాన్ని ఆయన ఎప్పుడూ ప్రభుత్వం అనలేదు, ‘వాళ్లు’ అనేవాడు. ఊరి పేరు ఎత్తితే లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. గోడకి రెండు ఫొటోలు ఉండేవి. ఒకదాంట్లో రూమీ టోపీ, నిమ్మకాయ నిలబెట్టేంత మీసం. రెండోది హైదరాబాదుకి వచ్చాక తీయించుకున్నది, దాంట్లో మీసం లేదు. మీసం ఏమైందని అడిగితే, అప్పట్లో పట్నంలో అదే ఫ్యాషన్ అని నానమ్మ చెప్పింది. నేను నమ్మాను.

ఇప్పుడు అరోరా సంగతి, అంటే అమెరికాలో షికాగో దగ్గర మేముండే ఊరు. పదిహేనేళ్ల కిందట మేం ఈ ఇంట్లో దిగిన రోజు స్టవ్ ఇంకా కనెక్ట్ కాలేదు. ఎదురింటి నుంచి నా ఈడు మనిషి ఒకావిడ పచ్చిపులుసు, ముద్దపప్పు పట్టుకుని వచ్చింది. గిన్నెలు కింద పెట్టకముందే, మన వాళ్లందరూ అడిగేదే అడిగింది, మీదే ఊరు అని. నేను నోరు తెరిచేలోపు తన ఊరి పేరు తనే చెప్పింది. అది మా తాతయ్య ఊరు.

నేను మాది హైదరాబాదే అన్నాను. అబద్ధం కాదు, అక్కడే పుట్టాను, అక్కడే చదివాను. పాస్‌పోర్టులో మా ఆయన ఇంటిపేరు ఉంది కాబట్టి దొరికిపోయే ప్రమాదం కూడా లేదు. గడివాళ్లమని చెబితే ఆ పచ్చిపులుసు వెనక్కి వెళ్లిపోతుందేమోనని ఆ క్షణంలో అనిపించింది, అంతే. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు పదిహేనేళ్లు రాలేదు. ఈలోపు ఆమె నా ప్రాణ స్నేహితురాలైంది. మా గరాజ్ కోడ్ ఆమెకి తెలుసు, వాళ్లది నాకు తెలుసు. మా అమ్మాయికి జ్వరమొస్తే ముందు ఆంటీకి ఫోన్ చేసేది, తర్వాతే నాకు.

ఒక జూలై నాలుగున సాయంత్రం, లాన్‌లో కుర్చీలు వేసుకుని టపాసుల కోసం చూస్తుంటే, మాటల్లో మాటగా వాళ్ల మేనమామ కథ చెప్పింది. వాళ్లమ్మకి అన్న. పందొమ్మిదేళ్ల వయసులో సంఘంలో చేరి దొరల మీద తిరగబడ్డవాళ్లలో ఒకడు. జొన్న కోతలప్పుడు నిజాం పోలీసులు వచ్చి పట్టుకుపోయారట, మళ్లీ తిరిగి రాలేదట. “గడోళ్లే పేరు చెప్పిండ్రంట,” అంది ఆమె, చిప్స్ గిన్నె నా వైపు జరుపుతూ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జొన్న కోతలు అంటే నిజాం లొంగిపోవడానికి ఎన్నో నెలల ముందు. అప్పటికి చుట్టుపక్కల దొరలెవరూ ఊళ్లలో లేరు. ఉన్నది రాజు ఉప్పు తిన్న మా తాతయ్య ఒక్కడే. గుర్రం కథ నిజమైతే, పోలీసులకి పేరు చెప్పింది ఆయనే. ఆయన అంత ధైర్యవంతుడు కాకపోయి ఉంటే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకున్నాను. ఇక ఊరి సంగతి చెప్పడం అసాధ్యమైపోయింది. నా స్నేహితురాలి మేనమామని చంపించినవాడి మనవరాలిని అని ఏ ముఖంతో చెప్పను?

ఇన్నేళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాను. పోయిన ఎండాకాలంలో వాళ్లమ్మ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, బక్కపల్చగా ఉన్నా గొంతు మాత్రం కంచు. పిల్లలతో పాటు మేం కూడా ఆమెను అమ్మమ్మ అనే పిలిచేవాళ్లం. నా స్నేహితురాలు వారానికి మూడు రోజులు రైల్లో షికాగో ఆఫీసుకి వెళ్లాలి. నేను ఇంటి నుంచే పని చేస్తాను. ఆ మూడు రోజులు అమ్మను నీ దగ్గర ఉంచుతానే అని అడిగితే కాదనడానికి నా దగ్గర ఒక్క కారణం కూడా లేదు. ఉన్న ఒక్కటీ చెప్పేది కాదు.

మొదటి రోజే అడిగింది. హైదరాబాదు అన్నాను.

“హైదరాబాదు ఊరెట్లయితది బిడ్డా? అందరు ఉరికొచ్చి పడ్డ జాగ అది. అంతకు ముందుదేది?”

నాకు మీటింగ్ ఉందని లేచాను. ఆ నెల రోజుల్లో నేను హాజరైనన్ని మీటింగులు మా కంపెనీ మొత్తం పెట్టి ఉండదు. ఆమె మాత్రం కిటికీ దగ్గర కూర్చుని బీన్స్ తుంచుతూ, ఊరి కబుర్లు గోడకి చెప్పినట్టు చెప్పుకుంటూ పోయేది. గడి పేరు వచ్చినప్పుడల్లా నేను హెడ్‌ఫోన్స్ సర్దుకునేదాన్ని. ఏ రోజు ఏ మాట వినాల్సి వస్తుందోనని.

చివరికి నన్ను పట్టించింది నా మర్యాదే.

పాత్రల మీద పేర్లు చెక్కించుకోవడం మన ఇళ్లల్లో అలవాటు కదా. నానమ్మ నాకిచ్చిన రాగి చెంబు ఒకటి ఉంది. దాని మెడ చుట్టూ సన్నటి చుక్కలతో తాతయ్య పేరు, ఊరి పేరు చెక్కి ఉంటాయి. ఎవరైనా వస్తున్నారంటే దాన్ని దేవుడి అలమరలో వెనక్కి తిప్పి పెట్టేదాన్ని. పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా పొరపడలేదు. ఆ గురువారం భోజనం మధ్యలో అమ్మమ్మకి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. స్టీలు గ్లాసులన్నీ డిష్‌వాషర్‌లో తిరుగుతున్నాయి. బయట మిగిలింది పిల్లల ప్లాస్టిక్ గ్లాసులు, మొక్కజొన్న బొమ్మ ఉన్న ఒక కాఫీ మగ్గు. పెద్దావిడకి వాటిల్లో నీళ్లివ్వడానికి నాకు చేతులు రాలేదు. దొరల ఇంటి పెంపకం అంటే ఇదే కాబోలు, నీళ్లివ్వడంలో కూడా పరువు. చెంబు కడిగి, నింపి, రెండు చేతులతో అందించాను.

ఆమె తాగింది. ఎక్కిళ్లు తగ్గాయి. చెంబు కింద పెట్టకుండా బొటనవేలితో దాని మెడ చుట్టూ నెమ్మదిగా తడుముకుంటూ పోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నేను చేసిన పని.

“గిది మా ఊరి గడి చెంబు,” అంది.

ఆమెకు చదువు రాదు. అయినా ఎలా తెలిసిందని నేను అడగకముందే చెప్పింది. “చిన్నప్పుడు అమ్మెంట గడికి పోయి గివన్ని చింతపండుతోని నేనే తోమేది. గీ చుక్కలల్ల మసి ఇర్కుతుండె, పుల్లవెట్టి తీసేది. తియ్యకపోతే అమ్మకు తిట్లు. మరిచిపోతనా?”

నాకిక దాక్కోవడానికి మీటింగ్ కూడా లేదు. ఆయన మనవరాలిని అని చెప్పాను. ఆమె కళ్లజోడు సర్దుకుని నా ముఖం కేసి చూసింది. ఇన్నేళ్లుగా దాచుకున్న ప్రశ్నని అప్పుడే అడిగేశాను, మళ్లీ ధైర్యం రాదని.

“మీ అన్నని పోలీసులకి పట్టించింది మా తాతయ్యేనా అమ్మమ్మా?”

“నీ తాత యాడున్నడు పట్టియ్యను?” అంది ఆమె. “దసరా ముందట్నే పాయె గద.”

నేను గుర్రం సంగతి చెప్పాను. జెండా, రేడియో, పట్టపగలు, తెల్లగుర్రం. ఆమె ముందు అర్థం కానట్టు విన్నది. తర్వాత పైట నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అది కూడా తీసేసి, కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వింది. ఎక్కిళ్లు మళ్లీ మొదలయ్యాయి, నేను మళ్లీ అదే చెంబుతో నీళ్లిచ్చాను.

జరిగింది ఇదీ. దసరాకి ముందు సంఘం వాళ్లు ఊరి దారులన్నీ కాపు కాశారు. తాతయ్య నానమ్మనీ పిల్లల్నీ అప్పటికే పంపించేసి, తాను గడిలో ఇరుక్కుపోయాడు. ఒక మధ్యాహ్నం గడి మంగలిని పిలిపించి మీసం తీయించుకున్నాడు. వెట్టికి వచ్చిన అమ్మమ్మ వాళ్లమ్మని ఇంటికి పంపి ఆమె రెండో చీర తెప్పించాడు, నల్ల అంచు ఉన్న ఎర్ర ముతక చీర. దాన్ని కట్టుకుని, ముఖం మీదికి కొంగు లాక్కుని, ఎడ్లబండిలో గడ్డి మీద పడుకున్నాడు. వాగు దగ్గర కుర్రాళ్లు బండి ఆపితే, బండివాడు పురిటి నొప్పులని చెప్పాడు. లోపల దొర మూలిగాడు.

“గట్టిగనే మూలిగిండంట,” అంది అమ్మమ్మ. “ఆరడుగుల మనిషి, పాదాలు బండి బయటికే ఉండె.”

నేనూ నవ్వడం మొదలుపెట్టాను. మీసం లేని ఫొటో కళ్లముందు కనబడుతుంటే నవ్వాగలేదు. ఆయన అక్కడ లేడు. జొన్న కోతల రోజున ఆయన ఊళ్లోనే లేడు. హైదరాబాదులో అద్దె ఇంట్లో, మీసం లేని మూతిని తడుముకుంటూ కూర్చుని ఉన్నాడు. ఆయన పరువు కాపాడటానికి మా నానమ్మ అల్లిన గుర్రం కథే ఇన్నేళ్లు ఆయన్ని హంతకుణ్ని చేసింది. వంట గట్టు పట్టుకుని నిలబడి, దేవుడా, మా తాతయ్య పారిపోయాడు, అని మనసులో పదిసార్లు అనుకున్నాను.

అమ్మమ్మ నవ్వు అప్పటికి ఆగిపోయింది.

“వాగు కాడ కాపున్నది మా అన్ననే,” అంది.

నేను వంట గట్టు వదిలేసి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

“అమ్మ చీరను గుర్తుపట్టడా? పట్టిండు. పోనియ్యిండ్రి అన్నడంట. ఇంటికొచ్చినంక అమ్మ అడిగింది, ఎందుకిడిసినవ్ రా అని. అమ్మ చీర కట్టుకున్నోన్ని ఎట్ల కొడుదునే, అన్నడు.”

ఆ తర్వాత ఆమె చెప్పినవి నవ్వే సంగతులు కావు. నీ తాత మంచోడని నేనంటలేను బిడ్డా అని ముందే చెప్పింది. గడిలో తిన్న దెబ్బల వాతలు వాళ్ల నాన్న వీపు మీద చచ్చేదాకా ఉన్నాయట. వాళ్లమ్మకి ఉన్నవి రెండే చీరలు. రెండోది దొర కట్టుకుపోయాక, ఏడాది పాటు ఒక్కటే చీర. వాగులో సగం ఉతుక్కుంటూ సగం కట్టుకుని నిలబడేదట. హైదరాబాదు నుంచి ఎవరు వచ్చినా, దొర నా చీర పంపిండా అని అడిగేదట. పోయేదాకా అడిగిందట.

మరి అన్నని పట్టించింది ఎవరని అడిగాను. వాళ్ల పాలివాడే, అంటే సొంత దాయాది. పొలం గట్టు తగాదాలో కక్ష పెట్టుకుని పేరు చెప్పాడట. ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఇంటివాడే చేశాడని చెప్పుకోవడానికి తల కొట్టేసినట్టుండి, గడివాళ్లని చెప్పుకున్నారట. “గడికి వంద పాపాలున్నయి, ఇంకొకటైతే ఏమాయె అనుకున్నం,” అంది. కన్నకూతురికి కూడా అదే చెప్పి పెంచింది.

అంటే పదిహేనేళ్లుగా మా రెండిళ్లలో అబద్ధం నాదొక్కదానిదే కాదన్నమాట. చెప్పొద్దు గానీ, అది కూడా నాకు కొంత ఊరటగానే ఉంది.

నువ్వు చెప్పకు, నేను చెప్పను, అంది అమ్మమ్మ. నాకు మాత్రం ఇక ఓపిక లేదు. సాయంత్రం రైలు దిగి నా స్నేహితురాలు ఇంటికి రాగానే, చెంబు పట్టుకుని వెళ్లి అంతా చెప్పేశాను. ఆమె వింటూ డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తీసి సర్దింది. ప్రతి గిన్నె మోత వినబడింది. వాళ్లమ్మ వైపు తిరిగి నిజమేనా అని అడిగింది, ఆవిడ తలూపింది. తర్వాత నా వైపు చూసింది.

“తాత ఏమన్న జేయనీ, అది వేరే. ఫిఫ్టీన్ ఇయర్సే. నేనేం జేస్తా అనుకున్నవ్ నిన్ను?”

చెంబు తీసుకుని ఇంటికొచ్చేశాను. మా అమ్మాయి కాలేజీ నుంచి ఫోన్ చేస్తే కథంతా చెప్పాను. “వెయిట్, ముత్తాత శారీ కట్టుకున్నాడా? అమ్మా, దట్స్ ఐకానిక్,” అంది. నాకు నవ్వాలనిపించలేదు. శుక్రవారం, శనివారం ఎదురింటి తలుపు తెరుచుకోలేదు. తాతయ్య గురించి పదిహేనేళ్లు పడ్డ భయమంతా ఒకెత్తు, ఆ రెండు రోజులు ఒకెత్తు.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. పచ్చిపులుసు చేశాను, గిన్నె పట్టుకుని రా, అని. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటాను. తను కోపం పోయిందని చెప్పలేదు, నేను అడగలేదు. రెండో వడ్డన అడక్కుండానే వేసింది.

ఆ చీర మాత్రం నా మనసులోంచి పోలేదు. ఇక్కడి షాపుల్లో అన్నీ తళుకుల చీరలే. హైదరాబాదులో ఉన్న మా పిన్ని కూతురికి చెబితే, మూడు చోట్ల తిరిగి, నల్ల అంచున్న ఎర్రటి ముతక నేత చీర పట్టుకుని, ఇటు వస్తున్న ఎవరి సూట్‌కేసులోనో పెట్టి పంపింది. పెత్తరమాస ముందు రోజు అది చేరింది. పోయిన పెద్దలకి కొత్త బట్టలు పెట్టుకునే రోజది. అమ్మమ్మ చీర మడత విప్పి, వేళ్లతో నలిపి చూసి, గిది శానా మెత్తగున్నది, అమ్మది ఇంకా ముతక, అంది. కానీ మళ్లీ మడవడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు వాళ్ల వంటింట్లో పీట వేసి, అమ్మమ్మ తన తల్లికి పెట్టుకుంది. ఆ తల్లికి ఫొటో లేదు, ఎప్పుడూ ఎవరూ తీయలేదు. ఆ చోట గడి చెంబు పెట్టమంది. ముందు రాత్రి నేనే చింతపండుతో తోమి, చుక్కల్లో ఇరుక్కున్న నలుపు పుల్లతో తీసి తెచ్చాను. చీర పెట్టడానికి అమ్మమ్మ వంగబోయి ఆగింది.

“నువ్వు పెట్టు బిడ్డా. అమ్మ మీ ఇంటి దిక్కే చూసుకుంట పోయింది.”

పెట్టాను. మోకాళ్ల మీద కూర్చుని నుదురు నేలకి ఆనించాను. ఏమని మొక్కాలో తెలియక, తెచ్చానమ్మా అన్నాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. నా స్నేహితురాలు వచ్చి పక్కన కూర్చుంది.

పెద్దలకి పెట్టిన బట్ట ఇంటి ఆడపిల్ల కట్టుకోవాలట. మర్నాడు పొద్దున చెత్త డబ్బా రోడ్డు మీదికి లాగుతూ తలెత్తితే, ఎదురుగా తను కూడా డబ్బా లాగుతోంది, ఆ ఎర్ర చీరలో, కాళ్లకి స్నీకర్స్‌తో. చీర చీలమండల పైకి ఉంది. నన్ను చూసి ఆగి, కుచ్చిళ్లు కిందికి గుంజుకుంది.

“నాకే పొట్టిగున్నదే,” అంది రోడ్డుకి అవతలి నుంచి. “మీ తాత ఎట్ల కట్టిండే?”